డెబ్బై ఒకటి కాడ ఆగిన లెక్క

ఆ రోజుల్ల పిల్లను చూడనీకి వచ్చినోళ్లకు అడ్డూ అదుపూ లేకుండె. పాట పాడుమందురు, నడిచి చూపెట్టుమందురు, జడ అసలుదేనా అని గుంజి చూద్దురు. అన్నిటికీ ఓర్చుకున్న. ఒక్క అంకె కాడ మాత్రం నాతోని కాలేదు. నలభై ఏండ్లయినా ఆ సంగతి తలుచుకుంటే ఒళ్లు మండుతది.

సంగారెడ్డిల బీయస్సీ లెక్కలు పూర్తి చేసి జహీరాబాదుల ఇంట్ల కూసున్న అప్పుడు. కాలేజీకి పోయేటప్పుడు బస్సు కిటికీలకెల్లి బొంబాయి రోడ్డు లారీల నంబర్లు చూసి, అవి దేనితోని తెగుతయో లెక్కగట్టుడు నా పిచ్చి. (మా అమ్మ దాన్ని గాలి సోకుడు అంటుండె.) నాలుగంకెల నంబరును పక్కపక్కన రెండుసార్లు రాస్తే వచ్చే ఎనిమిదంకెల సంఖ్య, ఏ లారీదైనా సరే, డెబ్బై మూడుతోని శేషం లేకుండ తెగుతదని అట్లనే కనిపెట్టిన. ఎందుకంటే అది పదివేల ఒకటికి గుణిజం. డెబ్బై మూడును నూట ముప్పై ఏడుతోని గుణిస్తే వచ్చేదే పదివేల ఒకటి.

మొగుడంపల్లి దిక్కుకెల్లి ఒక సంబంధం వచ్చింది. పిల్లగాడు తాలూకాఫీసుల గుమాస్తా. (అబద్ధమెందుకు, నాకు నచ్చిండు.) నోరు మాత్రం తెరువలేదు. వాళ్ల నాయిన హైస్కూల్ల లెక్కల సారు. చాయ్ తాగి నన్నడిగిండు.

"బీయస్సీ చదివినవ్ గద బిడ్డా, పదివేల ఒకటి ఎసుంటి సంఖ్య?"

"భాగిస్తే తెగుతది సార్."

ఆయన నవ్విండు. "తెగదు. ప్రధాన సంఖ్య అది. ఇరవై ఏండ్ల సంది పిల్లలకు చెప్తున్న. రెండుకెల్లి డెబ్బై ఒకటి దాంక ప్రధాన సంఖ్యలన్నిటితోని నేనే భాగించి చూసిన."

డెబ్బై ఒకటి! దాని తర్వాతి ప్రధాన సంఖ్యే గద డెబ్బై మూడు! ఇంకొక్కదానికి ఓపిక లేకపాయెనా ఈ మనిషికి? తలుపు ఎనుకకెల్లి మా అమ్మ కొంగు గుంజుతున్నది, "అవునను, నీ నోట్ల మన్నువడ!" మా నాయిన "సారుకు తెల్వదా బిడ్డా" అని నీళ్లు నమిలిండు. ఎట్ల ఒప్పుకోవాలె? బలపం తెచ్చి అందరి ముంగట బండల మీద గుణించి చూపెట్టిన. సారు గోడ దిక్కు చూసిండు గని లెక్క దిక్కు చూడలేదు. "పిల్లకు ఎదురు మాట్లాడే గుణమున్నది" అనుకుంట లేచిన్రు. పిల్లగాడు తల వంచుకొని ఎంబడి పోయిండు. సంబంధం చెడింది.

పదో రోజు పోస్టుకార్డు వచ్చింది. పిల్లగాడు రాసిండు: "ఇంటికొచ్చి గుణించి చూసిన. మీరు చెప్పిందే కరెక్టు. దయచేసి మా నాయినకు తెలియనియ్యకున్రి."

కార్డు పట్టుకొని ఇల్లంత ఎగిరిన. "అయితే ఏమొచ్చె?" అన్నది మా అమ్మ. అప్పుడు వచ్చింది చూడున్రి నాకు కోపం! ఎవ్వరికీ చెప్పొద్దన్న మాటను పోస్టుమేను గూడ చదివేటట్టు కార్డు మీద రాసిండు, తెలివిగల్లోడు. అదే మాట ఆ రోజు వాళ్ల నాయిన ముంగట ఒక్కసారి నోరు తెరిచి అనుంటే, జాతకం గీతకం చూడకుండ ఆయన్నే చేసుకుందును. అంత పిచ్చిదాన్ని అప్పుడు.