గొడుగు పట్టినవాడు

పేపరు రాగానే మా ఆయన ముందు కార్టూను చూస్తారు. చూసి ఊరుకోరు, నాకు పాఠం చెబుతారు. హైస్కూల్లో సోషల్ టీచర్ని నేను, ఇంట్లో మాత్రం ఆయనే మాస్టారు. పెద్ద బొమ్మ దగ్గర ఆగిపోకూడదట. నాయకుడి ముక్కూ పొట్టా చూసి నవ్వడం చిన్నపిల్లలకూ వచ్చట. ముందు మూలలు చూడాలి. అక్కడ ఎవరు నిలబడ్డారు, ఎటు చూస్తున్నారు, ఎవరి కాళ్లు పొడిగా ఉన్నాయి, ఇవన్నీ చూశాకే కింద రాసింది చదవాలి. నిజం చెప్పొద్దూ, తొమ్మిదో తరగతి పిల్లలకు నేను చెప్పేదీ ఇదే.

మొన్న గోదావరి వరదలప్పుడు ఒక కార్టూను వచ్చింది. లంకలో మొలలోతు నీళ్లు. రావులపాలెం మార్కెట్టుకు పోవాల్సిన అరటిగెలను నెత్తిన పెట్టుకుని ఒక రైతు. పడవలో నాయకుడు ఫొటో కోసం నవ్వుతున్నాడు. వెనకాల మూలన ఒక బక్కపలచని మనిషి ఆయనకు గొడుగు పట్టి, తాను తడిసి ముద్దవుతున్నాడు. ఎవరి కిందా పేరు లేదు. మా ఆయన చేసేది ప్రభుత్వోద్యోగం. అయినా ఆ బొమ్మను ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఒక్క మాట కూడా రాయకుండా. సాయంత్రానికి డిలీట్ చేశారు కానీ చూడాల్సినవాళ్లు చూసేశారు. మర్నాడే వాళ్ల ఆఫీసరు నుంచి మెమో వచ్చింది. ఆ బొమ్మ పెట్టడంలో ఉద్దేశం ఏమిటో సంజాయిషీ ఇవ్వాలట.

సస్పెండ్ చేస్తారేమోనని నా భయం. ఇద్దరం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఆ బొమ్మకు ఏ అర్థమూ లేకుండా చేసే పనిలో పడ్డాం. నాయకుడు ఫలానా ఆయన కాదని రాద్దామంటే ఆ ఫలానా పేరు రాయాల్సి వస్తుంది. రాస్తే గుర్తుపట్టింది మనమే అవుతాం. పోనీ, వరద సహాయాన్ని మెచ్చుకునే బొమ్మ అని రాయమన్నాను. ఆయన నా వంక అదోలా చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ లేనిపోని అర్థాలు తీశారుగా, ఇప్పుడు అనుభవించండి అనేశాను. భయం వేస్తే నా నోరు ఆగదు. ఆయన పొరపాటున పంపానని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టారు.

మర్నాడు ఆఫీసరు గారు గదిలోకి పిలిచారు. ఆ సంజాయిషీ చదవను కూడా చదవలేదట. ఫోనులో బొమ్మ తీసి, వేళ్లతో పెద్దది చేసి, నాయకుణ్ని పక్కకు నెట్టేసి మూలకు వెళ్లారట. అంతకు ముందు వారం లంకల పర్యటనలో పెద్దలకు గొడుగు పట్టుకుని నిలబడింది ఆ ఆఫీసరే. ఆ క్షణం దాకా మా ఆయనకు ఆ సంగతి తట్టలేదట. మేమిద్దరం నాయకుడి గురించే భయపడుతూ కూర్చున్నాం.

"ఇందులో ఉన్నది నేనేనాండి?" అని అడిగారట ఆఫీసరు. గొంతులో కోపం లేదట. తల మాత్రం ఎత్తలేదట.

"మీరు కాదు సార్. నన్ను నేను చూసుకున్నానండి, అందుకే పెట్టాను."

ఆఫీసరు ఆ మూలను మళ్లీ ఒకసారి చూశారట. తర్వాత ఫోను బోర్లించి, మెమో సంగతి ఇక మర్చిపోండి అని చెప్పి పంపేశారట.

ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అబ్బ, సమయానికి ఎంత మంచి మాట తట్టిందండీ మీకు అని నవ్వేశాను. ఆయన నవ్వలేదు. చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుండిపోయారు.

"తట్టడం ఏంటే?" అన్నారు. "ఇన్నేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం అదే కదా."