పెద్ద టీవీలో కనపడని ముఖం

మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగున, ప్లాస్టిక్ కవరులో చుట్టి, చిటికెన వేలంత పెన్‌డ్రైవ్ ఒకటుంది. పెట్టి ఏడేళ్లయింది. మా ఆవిడ ఆ డబ్బా మూత తీసిన ప్రతిసారీ నా చేతిలో పని ఆగిపోతుంది. డబ్బా నిండుగా ఉన్నన్ని రోజులు కాస్త నిమ్మళం. బియ్యం అడుగంటే వారంలో మాత్రం ఏదో ఒక వంక పెట్టుకుని వంటింటి గుమ్మంలోనే కూర్చుంటాను. ఇట్లా బతకడం అలవాటైంది. అలవాటైతే తేలికవుతుందా? కాలేదు.

నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. బోధన్‌కు దగ్గర, చెరకు పండే ఊరు అనుకోండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ఊళ్లో నన్ను వీడియో కాక అంటారు. హైదరాబాదు స్టూడియోల్లో పదేళ్లు కెమెరా పట్టానని, హీరోల ముఖాల మీద లైటు ఎట్లా పడాలో నేనే చెప్పేవాణ్నని చాయ్ హోటల్లో చెప్పుకునేవాణ్ని. అదంతా ఉత్తదే. బోధన్‌లో ఒక సందులో వీసీఆర్, కలర్ టీవీ కిరాయికిచ్చే దుకాణం నాది. స్టూడియో అంటే, ఒకసారి దాని గేటు బయట చాయ్ తాగాను. అంతే. కానీ చెప్పగా చెప్పగా నేనే నమ్మాను, ఊరూ నమ్మింది. నవ్వుకోవడానికి చెప్పిన మాటలు, ఎవరికేం నష్టం అనుకున్నాను.

మా వైపు ఊళ్లల్లో గ్రామాభివృద్ధి కమిటీ మాటంటే మాటే. ఆ కమిటీ ఊరంతా ఎనిమిది కెమెరాలు పెట్టించింది. వాటిని చూసుకునే పని, వీడియో కాక ఉండగా వేరే వాళ్లెందుకని, నాకే అప్పజెప్పింది. కమిటీ హాల్లో కుర్చీ వేసుకుని, తెర మీద ఎనిమిది గళ్లలో ఎనిమిది దారులు చూస్తూ కూర్చునేవాణ్ని. ఎవరు ఎవరింటికి పోతున్నారో నాకు ముందే తెలిసేది. ఆ తెలియడంలో ఒక మజా ఉంది, అబద్ధమెందుకు?

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఇది అర్థమైతేనే నా తప్పు అర్థమవుతుంది. ఆ రికార్డింగు డబ్బా ప్రతి దృశ్యాన్నీ రెండు తీర్లుగా దాచుకునేది. ఒకటి పూర్తి స్పష్టతతో, పెద్ద ఫైలు. ఇంకొకటి ఎనిమిది గళ్లలో ఒకేసారి చూసుకోవడానికి, ఫోన్లో చూసుకోవడానికి, చిన్న ఫైలు. చిన్న గడిలో రెండూ ఒకే తీరు కనపడతాయి. చిన్నదాన్ని తెచ్చి పెద్ద తెర నిండా సాగదీస్తే మాత్రం బొమ్మ పెరుగుతుంది, వివరం పెరగదు. ముక్కూ కళ్లూ కలిసిపోయి చౌకాలు చౌకాలుగా ముద్ద అవుతాయి. ప్లేయర్ సెట్టింగుల్లో నాణ్యత ఏది కావాలో మనమే ఎంచుకోవాలి. బోధన్ చుట్టూ పది ఊళ్లలో ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. పది ఊళ్లు కాదు. మా ఊళ్లో నేనొక్కణ్నే. ఆ ఒక్కటే చాలింది.

చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఊళ్లో చెరకు వేసేవాళ్లే తగ్గిపోయారు. లింగన్న వేశాడు, మూడెకరాలు. రేపో మాపో కోత పెడతాడనగా, ఒక సాయంత్రం పొద్దు గుంకకముందే తోట అంటుకుంది. ఎండిన ఆకు, గాలి. ఆ చిటపటల చప్పుడు ఊరి నడిమి దాకా వినపడింది. మసి మా వాకిట్లో పడింది.

ఊరు ఒక్కసారే గంగారాం వైపు చూసింది. గంగారాం పొలం లింగన్న పక్కనే. కాలువ నీళ్ల దగ్గర ఇద్దరికీ పది రోజుల కిందే పెద్ద గొడవైంది. ఆ తోటకు పోయే బండ్లబాట మొదట్లో మా నాలుగో కెమెరా ఉంది. ఆ గంటలో ఆ బాట పట్టింది ఒక్క మనిషే. తలకు రుమాలు. కొంచెం కుంటుతూ నడక. గంగారాంకు ఎడమ కాలు కుంటు.

మర్నాడు పొద్దున హాలు నిండిపోయింది. నేను వీడియో పెట్టాను. మొదట చిన్న గడిలో. అందరూ మెడలు సాచారు. అప్పుడు గంగారామే జనం లోంచి ముందుకొచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

“కాకా, గంత చిన్నగైతె ఏం కనవడ్తది? పెద్దగ చెయ్యి. టీవీ నిండ చెయ్యి. గప్పుడు మొఖం సాఫ్ కనవడ్తది, నేను కాదని తేల్తది.”

“చేస్త ఆగు,” అన్నాను.

పాపం, బొమ్మ ఎంత పెద్దదైతే అంత నిజం కనపడుతుందని అతని నమ్మకం. హాల్లో అందరి నమ్మకమూ అదే. నేను తెర నింపాను. తెర నిండా బూడిద రంగు ముద్ద. ముఖం లేదు. రుమాలు ఉంది, కుంటు ఉంది. కుంటుతున్నది ఎడమ కాలో కుడి కాలో ఆ ముద్దలో ఎవరికీ తెలియదు.

గంగారాం తెర దగ్గరికి పోయాడు. ఇంకా దగ్గరికి పోయాడు. ముక్కు ఆనేంత దగ్గరికి.

“ఏంది కాకా, గిట్ల అయితున్నది? ఇంకింత సాఫ్ రాదా?”

“కెమెరల ఉన్నదే వస్తది గంగారాం. నేనేడికెల్లి తెస్త?”

కమిటీ పెద్దమనిషి నన్నే అడిగాడు. “కాకా, నువ్వు స్టూడియోల పనిచేసినోడివి. గీ నడక గంగారాందేనా, కాదా? ఒక్క మాట చెప్పు.”

గంగారాం తెర వదిలి నా వైపు తిరిగాడు. అతని కళ్లలో భయం లేదు. అదే ఇప్పటికీ నన్ను తింటుంది. నేను ఉన్నదున్నట్టు చెబుతాననే చూశాడు.

“నడకైతె గట్లనే ఉన్నది,” అన్నాను.

ఏడేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్న కథ ఇది: ఆ హడావుడిలో సెట్టింగు మార్చడం మరిచిపోయాను, చిన్న ఫైలు పెట్టేశాను, ముసలితనం, పొరపాటు. మీకూ అంతవరకే చెప్పి ఆపేద్దామనుకున్నాను. ఈ కాగితం మీద కూడా కాసేపు ఆపాను.

పొరపాటు కాదు.

ఆ పొద్దున అందరికంటే ముందు, హాలు తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకుని, పెద్ద ఫైలు చూశాను. తెర నిండా పెట్టుకుని, పూర్తి స్పష్టతతో చూశాను. రుమాలు మీది ఎర్ర అంచు కనపడింది. బీడీ వెలిగించుకోవడానికి అగ్గిపుల్ల చుట్టూ ముడిచిన చేతులు కనపడ్డాయి. కుంటుతున్నది కుడి కాలు. ఆ మనిషి బీడీతో బాట లోపలికి పోయాడు, కాసేపటికి ఖాళీ చేతులతో వెనక్కి వచ్చాడు, కెమెరా కింద ఆగి తల పైకెత్తి, అది పనిచేస్తోందో లేదో చూసుకున్నాడు.

కెమెరాలు చూసుకునేవాడు తప్ప ఎవరు అట్లా చూస్తారు? ఆ ముఖం నాది.

ఆ సాయంత్రం మడమలో ముల్లు దిగి, కుడి కాలు కుంటుకుంటూ నేను అటు పోయిన మాట నిజం. బీడీ ఎక్కడ పారేశానో గుర్తు లేదు. నలిపానా? నలిపే ఉంటాను, ఎప్పుడూ నలుపుతాను. ఆ రోజు నలిపానా? తోట నా బీడీతోనే అంటుకుందని ఒట్టేసి చెప్పలేను, కాదనీ చెప్పలేను. కానీ ఆ బాటలో పోయింది గంగారాం కాదని చెప్పగలిగేవాణ్ని. భూమ్మీద నేనొక్కణ్నే చెప్పగలిగేవాణ్ని. పెద్ద ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, రికార్డింగు డబ్బాలోంచి తుడిచేశాను. చిన్న ఫైలు ఉంచాను. ప్లేయర్‌ను చిన్నదాని మీదికి మార్చి, గడియ తీసి, జనాన్ని లోపలికి పిలిచాను.

మరి పెన్‌డ్రైవ్ ఎందుకు దాచాను? అప్పుడే పారేస్తే పోయేది. ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో.

కమిటీ గంగారాంను వెలి వేసింది. కొట్టులో సామాను ఇవ్వొద్దు, పనికి పిలవొద్దు, పలకరించొద్దు. పలకరిస్తే దండుగ. అతని భార్య సాయవ్వ మా వాకిలి ముందు నుంచే నీళ్లకు పోయేది. నేను తల వంచుకుని పేపరు చదివేవాణ్ని. అదే పేపరు, అదే పేజీ. ఒకరోజు ట్రాలీ ఆటోలో సామానేసుకుని వాళ్లు పోయారు. నిజామాబాద్ పోయారని తర్వాత తెలిసింది.

పోయిన నెల నిజామాబాద్‌లో చుట్టాల పెండ్లికి పోయాను. ఫంక్షన్ హాలు గేటు పక్కన చిన్న గదిలో వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా తెర, తెర మీద ఎనిమిది గళ్లు. గంగారాం. నన్ను చూసి లేచాడు. కోపం లేదు. స్టూలు జరిపి “కూసో కాకా,” అన్నాడు.

కూర్చుని తెర వైపు చూశాను. వాకిట్లో పిల్లలు పరుగెడుతున్నారు. అతను మౌసుతో ఒక గడి మీద రెండుసార్లు నొక్కాడు. తెర నిండింది. ముద్దగా ఉంది. మూలన ఏదో మార్చాడు. ఒక పిల్ల జడలోని మల్లెపూలు కూడా లెక్కపెట్టొచ్చు, అంత సాఫ్.

“గీడ రెండు తీర్లుంటయి కాకా. చిన్నదొకటి, పెద్దదొకటి. నేను గీడికొచ్చినంకనే నేర్సుకున్న.” నా వైపు చూడలేదు. “నీకు ఎర్కనేనా?”

“లేదు గంగారాం,” అన్నాను.

“గంతేనా,” అన్నాడు. మళ్లీ గళ్లలోకి మార్చేశాడు. “బువ్వ తిని పో కాకా.”

తినలేదు. బస్సు ఎక్కాను. దారి పొడుగునా ప్రతి కూడలిలో కెమెరాలే. ఇన్నేళ్లూ నేను వాటిని చూశాను. ఇప్పుడు అవి తలలు తిప్పుకుని నన్నే చూస్తున్నట్టు ఉంది. అతనికి తెలిసిపోయిందా? తెలిసీ అన్నం తినమన్నాడా? అతను గదిమినా ఇంత భయపడేవాణ్ని కాదు.

నిన్న మధ్యాహ్నం బియ్యం డబ్బాలో చేయి పెట్టాను. మోచేతి దాకా. పెన్‌డ్రైవ్ తీసి, తుడిచి, మా టీవీకి పెట్టాను. తలుపు వేయలేదు. అసలు నాణ్యతలో, తెర నిండా పెట్టాను. రుమాలు, అగ్గిపుల్ల, కుడి కాలు. పైకెత్తిన ముఖం దగ్గర ఆపాను.

మా ఆవిడ చేటతో లోపలికి వచ్చింది. నిలబడింది. ఆమె చూపు రుమాలు ఎర్ర అంచు మీదికి పోయింది, బాట మీదికి పోయింది, మూలనున్న తేదీ మీద ఆగింది. ఎవరని అడగలేదు.

“గిది గా దినం గదా?” అంది.

“అవు,” అన్నాను.

చేట కింద పెట్టలేదు. తెర మీద నా ముఖం అట్లాగే ఉంది, ఎక్కడా ముద్ద కాలేదు. నేను టీవీ ఆపలేదు.