జాబితాలో లేని ఏడో నంబరు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. మా ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందనేవాళ్లు. మాత్ర వేసుకుని పడుకోమని నేను కసిరేదాన్ని. చదివింది కంప్యూటర్లు, చేసేది డేటాబేస్‌ల పని. టేబుల్‌లో ఒక వరుస వచ్చి చేరిందంటే, దాన్ని ఎవరో ఒకరు పంపి ఉండాలి. నాకు తెలిసిన లోకం అంతే. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, వెతకాల్సిన చోటల్లా వెతికి, వేరే దారి లేకనే రాస్తున్నాను.

మాది కొత్తకోట దగ్గర ఒక పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. నాయిన ఇప్పటికీ మంద వెంట తిరుగుతాడు. నేను మహబూబ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, నాతో పాటు చదివిన రఫీతో కలిసి గొర్రెల కాపరుల కోసం ఒక ఏర్పాటు తయారుచేస్తున్నాను.

చెప్పుకోవడానికి చిన్న సంగతే. ప్రతి మందలో రెండు మూడు గొర్రెల మెడకు పట్టీ కడతాం. అది కొన్ని నిమిషాలకోసారి తను ఎక్కడుందో ఫోన్ సిగ్నల్ మీద పంపుతుంది. ఆ కబురు మా సర్వర్‌లో ఒక ఎస్‌క్యూఎల్ డేటాబేస్ టేబుల్‌లో కొత్త వరుసగా చేరుతుంది. మామూలు డేటాబేస్ మనం అడిగితే చెబుతుంది. మేం కట్టినది అడగకముందే చెప్పాలి. ప్రశ్న, అంటే క్వెరీ, ఒక్కసారి రాసిపెడతాం. కొత్త వరుస వచ్చినప్పుడల్లా జవాబు దానంతట అదే మారుతుంది. మంద చెదిరినా, పోకూడని చోటికి పోయినా వెంటనే ఫోన్ మోగుతుంది.

హైదరాబాద్‌లో నా సీనియర్లు నవ్వారు. ఎడతెగకుండా వచ్చే సమాచారానికి ఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఎక్కడ తట్టుకుంటుంది, దానికి వేరే సాఫ్ట్‌వేర్లు, వేరే సర్వర్లు కావాలన్నారు. ఆ మాట నేను చెవిలో వేసుకోలేదు. గొర్రెలేమన్నా షేర్ మార్కెటా, క్షణానికి లక్ష కబుర్లు పంపడానికి? ఒక్క డేటాబేస్‌తోనే చేసి చూపిస్తానని పట్టుబట్టాను. మొదటి మంద మా నాయినదే.

నాయిన మందలో ముందు నడిచే గొర్రె పేరు బొల్లి. ముఖం మీద తెల్ల మచ్చ ఉండేది. దాని పట్టీ నంబరు ఏడు. ఆ ఎండాకాలం అది జబ్బు చేసి చచ్చిపోయింది. నాయిన దాన్ని అమ్మలేదు, కోయలేదు. గుట్ట కింద మా మెట్ట చెలకలో గుంత తీసి పాతిపెట్టాడు. పట్టీ కూడా తీయలేదు. నేను మొత్తుకున్నాను.

"ముందు నడిచేదాని మెడల కట్టింది తియ్యద్దు బిడ్డా. గది దానిదే" అన్నాడు.

ఆయనతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. చేసేది లేక ఏడో నంబరును పట్టీల జాబితాలోంచి తీసేశాను, దాని సిమ్ మూయించాను. ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోవాలి. జాబితాలో లేని నంబరుతో వరుస వస్తే మా డేటాబేస్ తీసుకోదు. అక్కడికక్కడే తిప్పికొడుతుంది. ఆ నియమం నా చేత్తో నేనే రాశాను.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం మా ఊరి వైపు ఆకాశం విరుచుకుపడింది. నాయిన మందతో వాగు దగ్గర ఉన్నాడు. ఆయన ఫోన్ కలవడం లేదు. మందలో మిగిలిన రెండు పట్టీలు వాగులోపలి చోటునే చూపించి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. వెంటనే మా చిన్నాయనకు ఫోన్ చేసి వాగు దగ్గరికి మనుషుల్ని తీసుకుపొమ్మన్నాను. రఫీ బండి తీశాడు.

హైవే మీద ఇంకా సగం దారిలో ఉండగా నా ఫోన్ మోగింది. మనిషి చేసిన ఫోన్ కాదు, మా క్వెరీ పంపిన కబురు. ఏడో నంబరు వాగు గట్టు దాటి గుట్ట వైపు పోతోంది.

రఫీ బండి పక్కకు ఆపి స్క్రీన్ చూశాడు. "ఏడో నంబర్ ఎక్కడిది? మనమే తీసేసినం గదా" అన్నాడు.

చూస్తుండగానే మ్యాప్ మీద ఇంకో చుక్క పడింది. కాసేపటికి ఇంకోటి. గుట్ట మీదికి, వంకరగా, ఆగి ఆగి.

అప్పుడు నాకొచ్చింది భయం కాదు, కోపం. ఎవడో గుంత తవ్వి పట్టీ ఎత్తుకుపోయాడనుకున్నాను. సిమ్ ఎలా పనిచేస్తోంది, డేటాబేస్ ఎలా తీసుకుంటోంది అన్నవి తర్వాతి ప్రశ్నలు. వరుస వచ్చిందంటే పంపినవాడు ఉండాలి. వాడు ఈ వానలో ఆ గుట్ట మీద ఉన్నాడంటే మా నాయినను చూసే ఉంటాడు. వాణ్ణి పట్టుకోవాలి. నా బుర్రలో ఇంకేమీ లేదు.

మేం చేరేసరికి చిన్నాయన పది పన్నెండు మందితో వాగు వెంట కిందికి బయలుదేరుతున్నాడు. నీళ్లు ఎర్రగా, చెట్ల కొమ్మలతో పోతున్నాయి. అంతకుముందే ఒక గొర్రె కళేబరం దొరికిందట. నేను గుట్టెక్కుతానంటే చిన్నాయన నా మీద విరుచుకుపడ్డాడు.

"పట్టీలు రెండు వాగులనే ఆగినయని నువ్వే చెప్పితివి. ఇప్పుడు గుట్ట అంటవేంది? అన్న నీళ్లల్ల ఉంటే ఎట్ల?"

ఆయన చెప్పిందే సబబు. అసలైన పట్టీలు రెండూ వాగునే చూపిస్తున్నాయి. గుట్టను చూపిస్తున్నది ఉండకూడని నంబరు. తప్పుదారి పట్టానంటే నాయిన దక్కడు. చీకటి పడడానికి ఇంకా ఎక్కువ సమయం లేదు. అయినా నా కాళ్లు వాగు వైపు పోలేదు.

"మీరు కిందికి పోన్రి చిన్నాయనా. నాకు ఇద్దర్ని ఇయ్యి చాలు" అన్నాను.

తిట్టుకుంటూనే నాకూ రఫీకీ తోడు ఇద్దర్ని పంపాడు. బురదలో జారుతూ, తుమ్మకంపలు పట్టుకుంటూ, ఫోన్ కొంగులో దాచి చూసుకుంటూ ఎక్కాం. చివరి చుక్క గుట్ట వెనక వైపు, కింది నుంచి కనబడని ఒక బండ దగ్గర పడి, ఇక కదల్లేదు. మేం అక్కడికి పోయేసరికి మొదట వాసన తగిలింది, తడిసిన గొర్రెల వాసన. మందంతా బండ చాటున ముద్దగా నిలబడి ఉంది. మధ్యలో నాయిన. కాలు విరిగి, తొడ చీరుకుపోయి, గొంగడి చుట్టుకుని, సగం తెలివిలో ఉన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. గట్టిగా ఏడ్చేశాను. నలుగురం గొంగడిలోనే ఆయన్ను మోసుకుని దిగాం. రక్తం బాగా పోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని దవాఖానలో డాక్టర్ అన్నాడు.

ఆ బండ చుట్టుపక్కల వేరే మనిషి ఎవరూ లేరు. ఏ గొర్రె మెడలోనూ పట్టీ లేదు. పట్టీలున్న రెండు గొర్రెల్లో ఒకటి అంతకుముందు దొరికిన కళేబరమే, రెండోది తర్వాత వాగు దిగువన చచ్చి దొరికింది.

నాయిన తెలివిలోకి వచ్చాక చెప్పింది ఇంతే. "నేను వాగు దాటిద్దామనే తోలిన. ముందుగాల రెండు దిగినయ్, కొట్టుకపోయినయ్. తక్కినయ్ ఎన్కకు మళ్లి, గుట్ట దిక్కు పోవట్టినయ్. తిట్టిన, కట్టెతోని కొట్టిన, ఇనలే. వాటెంబడే నేను పోయిన. బండ మీద జారి పడ్డ."

ఏడో నంబరు సంగతి నాయినకు చెప్పలేదు. చిన్నాయనకు మాత్రం చెప్పాల్సి వచ్చింది. నాయిన దవాఖానలో ఉండగానే ఆయనా నేనూ చెలకలో గుంత తవ్వాం. మట్టి ఎవరూ కదిలించినట్టు లేదు. పట్టీ ఉన్నచోటే ఉంది. లోపలికి నీళ్లు పోయి, బ్యాటరీ ఉబ్బి పగిలిపోయి ఉంది. చిన్నాయన నా ముఖంలోకి చూడకుండా మళ్లీ మట్టి కప్పాడు.

నేను అంతటితో వదల్లేదు. సిమ్ మూసే ఉందని ఫోన్ కంపెనీ చెప్పింది. పట్టీల కబుర్లు అందుకునే మా ప్రోగ్రాంలో ఆ చుక్కలు వచ్చిన జాడ లేదు. టేబుల్‌లో మాత్రం వరుసలున్నాయి. వేరే పట్టీ ఏదైనా పొరపాటున ఏడో నంబరుతో పంపిందేమోనని అన్నీ చూశాం. అన్నీ వాటి వాటి మందల్లోనే ఉన్నాయి. అదే వరుసను నేను నా చేత్తో ఎక్కించబోతే డేటాబేస్ తిప్పికొట్టింది. రఫీ ప్రయత్నించినా తిప్పికొట్టింది. నా సీనియర్లలో ఒకాయన చూసి, చెత్త చేరినట్టుంది, తుడిపేయమన్నాడు. తుడిపేస్తే నా ఏర్పాటుకు మచ్చ ఉండదు. చచ్చినా తుడపనన్నాను. నాకు అర్థం కాలేదని అబద్ధం అయిపోదు కదా.

కాలు కుదురుకుని నాయిన మళ్లీ మంద దగ్గరికి పోయే ముందు, ఒకరోజు నా పక్కన కూర్చున్నాడు. ఆ రోజు దారి చూస్తానన్నాడు. నంబరు కనబడకుండా చేసి, మ్యాప్ మీద చుక్కలు మాత్రం చూపించాను. ఆయనకు చదువు రాదు. చుక్క చుక్కకూ వేలు పెట్టుకుంటూ వాగు గట్టు నుంచి బండ దాకా పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చి మొదటి నుంచి చూశాడు.

"గిది బొల్లి నడక బిడ్డా" అన్నాడు. "జర దూరం పోతది, ఆగుతది. ఎన్కటియి అందినంక మల్ల నడుస్తది. గిట్ల ఇంకేదీ నడ్వదు. గిది ఎప్పటిది, నిరుడుదా?"

అది ఆ వాన రోజుదేనని చెప్పాను.

నాయిన ఫోన్ నా చేతిలో పెట్టి, కట్టె అందుకుని బొల్లిని పాతిన చెలక దిక్కు నడిచాడు. ఆ వరుసలు ఇప్పటికీ టేబుల్‌లో ఉన్నాయి. అవి ఎలా వచ్చాయో నాకు తెలియదు. వెతకడం మాత్రం మానలేదు.