గిర్నీ గోడ పక్కన తడి మన్ను

మా గల్లీ పిండి గిర్నీ చిచ్చా మొన్న శుక్రవారం పోయాడు. పొద్దున మోటారుకు బెల్టు ఎక్కిస్తూ గుండె పట్టుకుని కూర్చున్నాడట, మళ్లీ లేవలేదు. కబురు తెలిసినప్పుడు మా అమ్మ జొన్నలు చెరుగుతోంది. గింజలు నేల మీద పడిపోతున్నా చేట ఆపలేదు.

డెబ్బై ఒకటి యుద్ధానికి పోయిన మా అన్న తిరిగి రాలేదు. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, బతికున్నాడనీ చెప్పలేదు. పట్టుబడ్డ సిపాయిల పేర్లు అవతలి దేశపు రేడియోలో సాయంత్రం పూట చదువుతున్నారని గౌలిపురాలో ఎవరో అన్నారు. అంతే, అమ్మ రేడియోకు చెవి ఆనించి కూర్చునేది. అసలే దూరపు స్టేషను, దానికి తోడు గోడ అవతల గిర్నీ. మోటారు నిప్పురవ్వలు, బెల్టు రాపిడి అన్నీ మా రేడియోలోనే చిటపటలాడేవి. నేను పోయి లొల్లి చేసేదాన్ని. చిచ్చా పిండితో తెల్లబడ్డ కనుబొమలు ఎగరేసి, నా నోరు తన మోటారు కంటే మస్తు తేజ్ అని నవ్వేవాడు. నవ్వుతూనే ఆపేవాడు.

ఒక్క సాయంత్రం మాత్రం ఆపలేదు. ఎవరింట్లోనో పెళ్లి, వాళ్ల గోధుమలు పడుతూ వేళ మరిచాడు. ఆ రోజే రేడియోలో ‘హైదరాబాద్’ అని వినబడిందంది అమ్మ. ఊరు వినబడింది, ముందున్న పేరు వినబడలేదట. నేనూ పక్కనే ఉన్నాను. నాకు ఊరు కూడా వినబడలేదు. ఆ మాట అమ్మతో అనే ధైర్యం ఈనాటికీ రాలేదు.

అమ్మ గిర్నీ గడప దాకా పోయింది.

"నా కొడుకు పేరు నీ పిండిల కలిసిపోయింది భాయ్" అని వచ్చేసింది.

ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. మా జొన్నలు చాంద్రాయణగుట్ట దాకా మోసుకుపోయి పట్టించుకున్నాం. నడుం విరిగి నేను ఇద్దరినీ తిట్టుకునేదాన్ని.

చిచ్చా మలక్‌పేట నుంచి రేడియో మెకానిక్‌ను పిలిపించాడు. రేడియోలో చిటపట తగ్గేందుకు మోటారుకు కండెన్సర్ వేయించాడు. గిర్నీ ఇనుముకు తీగ కట్టి, గోడ పక్కన గుంత తీసి, బొగ్గూ ఉప్పూ పోసి అందులో పాతించాడు. మన్ను ఎండితే చప్పుడు మళ్లీ రేడియోలోకి వస్తుందని మెకానిక్ చెప్పాడట. ఇక రోజూ ఆ గుంతలో చెంబుడు నీళ్లు పోసేవాడు. ఎండాకాలంలో నల్లా దగ్గర బిందెలతో కొట్టుకునేవాళ్లం, ఆ మన్ను మాత్రం తడిగానే ఉండేది. చిటపట దాదాపు పోయింది. అయినా ఆ వేళకు గిర్నీ కూడా ఆపేవాడు.

అవతలి దేశపు రేడియోలో పేర్లు చదవడం ఎప్పుడో మానేశారు. ఇంకెందుకు చిచ్చా, గిరాకీ పోతది అన్నాను ఒకసారి.

"మీ అమ్మ ఇంకా ఇంటున్నది కద బిడ్డా" అన్నాడు. "ఆమె బంద్ చేసిననాడు నేను బంద్ చేస్త."

ఆశ మనిషిని ఇంతగా నంజుకు తింటుందని నాకు ఆ రెండు ఇళ్ల మధ్యే తెలిసింది. ఒకామె వినడం మానలేకపోయింది, ఒకాయన నీళ్లు పోయడం మానలేకపోయాడు.

చిచ్చా జనాజాను మోసుకుపోయాక గిర్నీకి తాళం పడింది. సాయంత్రం అమ్మ రేడియో పెట్టింది. ఎక్కడా చిటపట లేదు. తెలియని భాషలో ఎవరో ఏదో చదువుతున్నారు. కాసేపు విన్నది. లేచి, చెంబు తీసుకుని బయటికి నడిచింది. వెనకాలే వెళ్లాను. తాళం వేసిన గిర్నీ గోడ పక్కన కూలబడి గుంతలో నీళ్లు పోస్తోంది. పోసినవన్నీ మన్ను తాగేసింది.

"అప్పుడే ఎండిపోయింది" అంది, ఖాళీ చెంబు నాకు అందిస్తూ. "ఇంకిన్ని నీళ్లు తే బిడ్డా."