పెండ్లి గుర్రం ఆగిన గుమ్మం

మొన్న ఆత్మకూరు బజారులో ఒక దొర మోటారు సైకిలు మీద పోతుంటే, అంగళ్ళ వాళ్ళు బేరాలు వదిలేసి వీధిలోకి వచ్చారు. నేనూ వచ్చాను. పొగ, దుమ్ము తగ్గాక పక్కనున్న ముసలాయన, మన పడుచు వయసులో ఇట్లాంటి సంబరం ఎక్కడ ఉండిందని నిట్టూర్చాడు. లేకేం! ఉదయగిరి నుంచి అనంతసాగరం చెరువుకట్ట దాకా మేం ముగ్గురం స్వారీ చేసినవాళ్ళమే. కాకపోతే మా వాహనాలకు ప్రాణం ఉండేది, దాంతోపాటు తిక్క కూడా ఉండేది.

ధాత కరువు పోయి, బహుధాన్య సంవత్సరంలో వానలు దంచి కొట్టి, అనంతసాగరం చెరువు నిండిందని కబురు వచ్చింది. రెండేళ్ళు మబ్బు కోసం చూసి చూసి మెడలు పట్టేసిన వాళ్ళం, నిండు చెరువంటే దేవుడి దర్శనమే కదా. నేను, మా మేనత్త కొడుకు అంటే మా బావ, మా ఇద్దరి నేస్తుడు సాయిబు బయలుదేరాం. సాయిబు వాళ్ళ నాయనది గుర్రాల వ్యాపారం. కరువు పోగా మిగిలింది మూడు పొట్టి గుర్రాలు. కుంటిది తాను తీసుకుని, నీళ్ళంటే బెదిరేది నాకిచ్చి, ఉన్నవాటిలో మేలైనది బావకు ఇచ్చాడు. ఆ మేలైనది పెండ్లి గుర్రం. ఊరేగింపుల్లో ఇంటింటి ముందూ నిలబడి హారతులు పట్టించుకున్న ప్రాణి! దారిలో మనిషి నిలబడిన గుమ్మం కనబడితే చాలు, ఆగి తల వంచేది. ఇంత బెల్లం ముక్క నోట పెడితే గానీ కదిలేది కాదు. పెండ్లికొడుకు వచ్చినాడు, పెండ్లికూతురేదీ అని పల్లెపల్లెనా ఆడవాళ్ళు నవ్వుతుంటే బావ మొహం మాడిపోయేది.

పాపం, మాడదా మరి. బావ భార్య, వరసకు నాకు అక్క, అనంతసాగరం ఆడపడుచే. కరువులో ఇంట్లో గింజ లేక ఆమెను పుట్టింటికి పంపారు. అక్కడ మాత్రం ఏముంది? సర్కారు వాళ్ళు కరువు జనానికి గంజి పోసే దొడ్డికి పోయి, అన్ని కులాల వాళ్ళతో ఒకే బంతిలో కూర్చుని తాగిందట. ఆ సంగతి మేనత్త చెవిన పడింది. ఆ చెయ్యి నా పొయ్యి ముట్టేదానికి లేదని ఆమె ఒట్టు పెట్టుకుంది. వానలొచ్చాయి, పైరొచ్చింది, కోడలు మాత్రం రాలేదు. ఈ కార్తీకం లోపల తీసుకుపోకపోతే ఇక ఆశ వదులుకుంటామని అక్క పుట్టింటి వాళ్ళు చివరి కబురు కూడా పంపారు.

ఆత్మకూరులో పడుకుని, మర్నాడు పొద్దున్నే చెరువుకట్ట ఎక్కాం. అబ్బ, ఏం నీళ్ళవి! అవతలి ఒడ్డు కంటికి ఆనడం లేదు. కట్ట రాళ్ళకు అలలు టపటపా కొట్టుకుంటున్నాయి, కలుజు మీదుగా ఎక్కువైన నీళ్ళు దూకుతున్నాయి, కట్ట పొడుగునా తంగేడు విరగబూసి ఉంది. తడిమట్టి వాసనకే కడుపు నిండినట్లయింది. నా గుర్రం మాత్రం నీళ్ళను చూసి అడుగు వెయ్యనంది. నేను దిగి దాని కళ్ళకు తువ్వాలు కట్టి నడిపించాల్సి వచ్చింది. ఇద్దరూ నవ్వుతారనుకున్నాను. బావ నవ్వలేదు. ఊళ్ళో ఆగవద్దు, తలపాగా కిందికి లాక్కుని అత్తగారి వీధి దాటిపోదామన్నాడు. తీసుకుపోతే అమ్మ గడప తొక్కనివ్వదట, వదిలేస్తే తన ప్రాణం ఒప్పుకోదట. నాకు ఒళ్ళు మండి నాలుగు మాటలన్నాను. సాయిబు ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

వీధి దాటడం మా చేతిలో ఉంటే కదా. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. పెండ్లి గుర్రం నేరుగా పోయి ఆమె ముందు ఆగి తల వంచింది. బావ మడమలతో పొడిచాడు, అదిలించాడు, బతిమాలాడు. ఊహూ. అక్క లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి, అరుగు మీద పెట్టి ఎడంగా జరిగింది. మనిషి సగమైపోయి ఉంది.

"గంజి తాగిన చెయ్యి. తాగేది తాగంది మీ ఇష్టం."

బావ గుర్రం దిగాడు. చెంబెత్తి గటగటా తాగేశాడు. మూతి కూడా తుడుచుకోకుండా చెప్పాడు.

"కరువులో నేను బతికింది సాయిబు వాళ్ళ రొట్టెతో. రోజూ వాళ్ళమ్మ పెడితే తిన్నాను. మా అమ్మకు తెలీదు."

నేను నోరు వెళ్ళబెట్టి సాయిబు వైపు చూశాను. అతను వంగి గుర్రం గిట్ట చూసుకుంటున్నాడు. అన్నం పెట్టిన ఇంటివాడు. ఇన్నాళ్ళూ, ఆ పొద్దున కట్ట మీద కూడా, బావ పరువు పోతుందని నోరు మెదపలేదు. అక్క మాత్రం ఊరుకోలేదు.

"ఆ మాట అప్పుడే చెప్పి పంపించుంటే, తప్పు చేసినాననుకోని ఇన్ని దినాలు ఏడవకుండా ఉందును గదా."

బావ తల వంచుకుని నిలబడ్డాడు. అక్క లోపలికి పోయింది. ఇక రాదేమో అనుకున్నాను. కాసేపటికి మూట చంకన పెట్టుకుని వచ్చింది. ఆమెను గుర్రం మీద కూర్చోబెట్టి, బావ పగ్గం పట్టుకుని ఉదయగిరి దాకా నడిచాడు.

తల్లికి కూడా గడప అవతలే నిలబడి ఆ రొట్టె మాట చెప్పేశాడు. మేనత్త కూలబడి కాసేపు కొడుకును తిట్టింది, కాసేపు కరువును తిట్టింది. కోడలు చెడిందంటే కొడుకూ చెడినట్టే కదా, ఇద్దరినీ ఎట్లా వెళ్ళగొడుతుంది? ఇంట్లో రెండు పొయ్యిలు వెలిశాయి, వాళ్ళకొకటి, ఆమెకొకటి. వానాకాలం కట్టెలు తడిసినప్పుడు, నడుం పట్టేసినప్పుడు, మనవరాలు పుట్టినప్పుడు మేనత్త పొయ్యి అప్పుడప్పుడూ వెలిగేది కాదు, ఆ పూటకు కోడలి పొయ్యి మీదిదే తినేది. కరువు ఏ ఏడు వచ్చిందో, చెరువు ఏ నెలలో నిండిందో ఇప్పటికీ మా వాళ్ళందరూ చెబుతారు. మేనత్త పొయ్యి పూర్తిగా ఏనాడు ఆరిపోయిందో మాత్రం ఎవరినడిగినా గుర్తులేదంటారు. కాలం చేసిన మంచిని ఎవరమూ గుర్తు పెట్టుకోం గదా.