గుండె దిగేదాకా

నా చిన్నప్పుడు, మా కాక మా వల కోసిన పొద్దున, ఆయన తల పగలగొట్టాలని రాయి పట్టుకుని శామీర్‌పేట చెరువు కట్ట మీద పరుగెత్తాను. తొంభైల నాటి మాట. ఆ వల అమ్మ ఎండాకాలమంతా కూర్చుని అల్లింది. మాకు కూడు పెట్టేది అదొక్కటే. తనకంటే తన అన్నకు, అంటే మా బాపుకు, చేపలు ఎక్కువ పడుతున్నాయని కాకకు కడుపుమంట. కట్ట మీద ఆరేసిన తడి వలను కత్తితో పరపరా కోస్తుంటే తుమ్మచెట్టు చాటునుంచి నా కళ్లతో చూశాను.

దారిలో పక్కింటి అక్క నా రెక్క పట్టుకుని ఆపింది. మేడ్చల్‌లో నర్సు పని నేర్చుకుంటుండేది. నా చెయ్యి తీసి నా రొమ్ము మీదే పెట్టింది. లోపల డప్పు మోగుతోంది.

"ఏందే, గిట్ల ఒణుకుతున్నవ్? గా రాయి కాకకు కాదు, నీ కాలికే తగుల్తది," అని నవ్వింది.

కిడ్నీల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయట. కోపమొచ్చినా భయమేసినా నెత్తురులోకి ఒక రసం వదులుతాయట. అది గుండెకు చేరి, కండలోని కణం కణం తలుపు తడుతుందట. తాను బయటే ఉండి, జల్దీ కొట్టు, గట్టిగా కొట్టు అని లోపలికి కబురంపుతుందట.

"గా రసం పోయేదాక గుండె నీ మాట ఇనది. ఇప్పుడు రాయేస్తే పెద్దమనుషులు నీ ముచ్చటే పెడ్తరు, వల ముచ్చట మరుస్తరు."

"అంటే కాకను ఇడిసిపెట్టమంటవా?"

"ఇడువమన్ననా? సల్లబడి కొట్టమంటున్న."

ఇద్దరం కట్ట మీద కూర్చున్నాం. గుండె మెల్లగా దిగింది. పగ మాత్రం దిగలేదు.

ఆ సాయంత్రమే కులపెద్దల ముందు కోసిన వల పరిచి, చూసింది చూసినట్టు చెప్పాను. గొంతు వణకలేదు.

"పోరి అబద్ధం జెప్తాంది!" అని కాక లేచాడు.

"కోసినంక కత్తిని నీ లుంగీ అంచుకు తుడిసినవ్ కాకా," అన్నాను.

ఆయన ఆగలేక కిందికి చూసుకున్నాడు. అందరూ చూశారు. అంచుకు పచ్చగా నాచు మరక.

మా గడప ముందు కూర్చుని కొత్త వల అల్లివ్వాలని తీర్పు. దారిన పోయే ఆడవాళ్లంతా "కొత్త కొలువా, మరిదీ?" అని అడిగిపోయేవారు. నేను ఎదురుగా కూర్చుని పల్లీలు తినేదాన్ని. కాక మెడ మీద నరం ఎగిరెగిరి పడేది. ఆ రసం ఇప్పుడు ఆయన గుండె తలుపులు తడుతోంది. చేతులు వణికి ముడి తప్పినప్పుడల్లా, విప్పి మళ్లీ వెయ్యమనేదాన్ని.

ఇప్పటికీ ఎవరైనా నాకు అన్యాయం చేస్తే ముందు రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంటాను. అది చూసి మా కోడలు, అత్తమ్మ పోనీలే అనుకుంది కాబోలనుకుంటుంది. నేను గుండె దిగేదాకా ఆగుతున్నాను, అంతే.