చెయ్యి ఆగితే చాలన్నారు

2022 వానాకాలం. అప్పటికి నేను సూర్యాపేటలో మానసిక వైద్యురాలిగా ప్రాక్టీసు పెట్టి పదేళ్లు దాటింది. వారంలో ఒకరోజు కోదాడలో, ఒకరోజు మిర్యాలగూడలో కూడా కూర్చునేదాన్ని. కోదాడలో గది కిరాయికిచ్చినాయన మొదటి నెలలోనే ఒక కోరిక కోరాడు. బోర్డు మీద 'మానసిక' అన్న మాట తీయించి 'నరాల డాక్టరు' అని రాయించుకోమన్నాడు. "కింద బట్టల షాపుందండీ, వచ్చేవాళ్లు బెదురుతున్నారు" అన్నాడు. నేను మర్నాడే పెయింటరును పిలిపించి ఆ మాటనే రెండింతలు పెద్దగా రాయించాను. బట్టల షాపు ఇప్పటికీ బ్రహ్మాండంగా నడుస్తోంది.

మా వృత్తిలో ఇక్కడొక వింత ఉంది. సూర్యాపేటవాళ్లు నాకు చూపించుకోవడానికి కోదాడ వస్తారు. కోదాడవాళ్లు మిర్యాలగూడ పోతారు. మిర్యాలగూడవాళ్లు సూర్యాపేట బస్సెక్కుతారు. సొంత ఊళ్లో నా మెట్లెక్కితే ఎవరైనా చూస్తారని భయం. షుగరుకు, మోకాళ్ల నొప్పికి లేని సిగ్గు దీనికెందుకో నాకు ఇన్నేళ్లయినా అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా లేదు, చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

మంజులను ఆమె భర్త అలాగే మిర్యాలగూడకు తీసుకొచ్చాడు. పేర్లు మార్చి చెబుతున్నాను. గరిడేపల్లి దిక్కు ఒక ఊరు వాళ్లది. ముప్పై దాటిన మనిషి, కుర్చీ అంచున కూర్చుని కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. భర్త భూపాల్ మాత్రం కుర్చీ నిండా కూర్చుని, ఫోను నా టేబుల్ మీద పెట్టి మొదలుపెట్టాడు.

"మేడం, మా ఇంటామె సర్పంచ్. మా ఊరికి లేడీస్ రిజర్వేషన్ వచ్చింది, నిలబెట్టి గెలిపిచ్చినం. పనంత నేనే సూసుకుంట. ఆమెది సంతకం ఒక్కటే. ఇప్పుడు గా సంతకం కాడ్నే పరేషాన్ అయితున్నది."

అంతవరకూ కాయితాలు ఇంటికి వచ్చేవట. ఆమె వంటింట్లో కూర్చుని సంతకాలు పెట్టేది. మండలాఫీసుకు కొత్తగా వచ్చిన అధికారి మాత్రం సర్పంచ్ తన ఎదుటే సంతకం పెట్టాలన్నాడు. నలుగురి ముందు పెన్ను పట్టుకునేసరికి ఆమె చెయ్యి వణికిపోయింది. పెట్టిన సంతకం ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి లేదు. చెక్కు మీది సంతకం కలవడం లేదని బ్యాంకువాళ్లు తిప్పి పంపారు.

"చెయ్యి ఆగితే చాలు మేడం. ఇంకేం బీమారి లేదు. బంగారమసొంటి మనిషి, నోట్లె నాలుక లేదు" అన్నాడు భూపాల్, మెచ్చుకోలుగా.

ఆయన్ను బయట కూర్చోమన్నాను. "నేను లేకుంటే ఆమేం చెప్తది?" అని ఆశ్చర్యపోయాడు. చెప్పకపోతే అప్పుడు మిమ్మల్నే పిలుస్తానని తలుపు వేశాను.

నేను చెయ్యి సంగతి ఎత్తలేదు. "పెండ్లిళ్లకు పోతే బంతిల కూసొని తింటవా?" అని అడిగాను. అప్పుడు మంజుల తలెత్తింది.

"తినను మేడం. ముద్ద నోటికాడికి పోదు. ఇంటికొచ్చి తింట."

ఒక్కటొక్కటే బయటపడింది. బస్సులో కండక్టరును ఆపమనలేక తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడిచొచ్చేది. ఫోను మోగితే పక్కవాళ్లకు ఇచ్చేది. జెండా పండుగ దగ్గర పడుతుంటే నిద్ర పట్టేది కాదు, జెండా ఎగరేసే తాడు తనే లాగాలి కదా. గుండె దడ, చెమట, నోరెండిపోవడం. "అందరు నన్నే సూస్తున్నరు, లోపల నవ్వుకుంటున్నరు అనిపిస్తది" అంది.

దీన్ని మేం సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అంటాం. సిగ్గు వేరు, ఇది వేరు. సిగ్గు కాసేపటికి సర్దుకుంటుంది. ఈ భయం మనిషి బతుకును గదిలో పెట్టి తాళం వేస్తుంది. మగపిల్లవాడికి వస్తే ఇంట్లోవాళ్లు వీడేం పనికొస్తాడని కంగారుపడి తీసుకొస్తారు. ఆడపిల్లకు వస్తే పద్ధతైన పిల్ల అని మెచ్చుకుంటారు. మంజులకు పదవి వచ్చిందే ఈ జబ్బు చూసి. ఎదురు చెప్పదని తెలిసే నిలబెట్టారు. ఆ మాట తట్టినప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

ఆమె చేతిసంచిలోంచి ఒక మాత్రల షీటు తీసింది. ఊళ్లో సూదులేసే ఆయన ఇచ్చాడట. అది బెంజోడయాజెపైన్, అంటే భయాన్ని కొన్ని గంటలు నిద్రపుచ్చే మందు. మనిషినీ నిద్రపుచ్చుతుంది, పైగా అలవాటైపోతుంది. మీటింగు ఉన్నరోజు పొద్దున్నే అది వేసి తీసుకుపోయేవారు.

"మీటింగ్ల కూసున్నకాడ్నే కండ్లు మూతలు పడేటియి. ఎవ్వరేమనలే. మంచిగనే ఉన్నదన్నరు" అంది.

భూపాల్‌ను లోపలికి పిలిచి ఇద్దరికీ కలిపి చెప్పాను. రెండు దారులున్నాయి. ఒకటి, బీటా బ్లాకర్. గుండె దడను, చేతి వణుకును కొన్ని గంటలపాటు తగ్గిస్తుంది. వేదిక ఎక్కే ముందు కొందరు వేసుకుంటారు. సంతకం వరకైతే దానితో గడుస్తుంది, భయం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రెండోది, ఎస్.ఎస్.ఆర్.ఐ. అనే రకం మందు. రోజూ వేసుకోవాలి. వారాల మీద గాని గుణం కనబడదు. ఆ రకంలో ఒకటి పడకపోతే ఇంకొకటి మార్చి చూడాలి. దాంతోపాటు భయపడే పనులు కొంచెం కొంచెంగా చేస్తూ పోవాలి. ఇది భయం మీదే పనిచేస్తుంది.

"మొదటిదే రాయుండ్రి మేడం" అన్నాడు భూపాల్, ఆలోచించకుండా.

నేను మంజుల వైపు చూశాను. ఆమె నేలను చూస్తూ ఎంత మెల్లగా చెప్పిందంటే, నేను టేబుల్ మీదికి వంగి వినాల్సి వచ్చింది.

"చెయ్యి ఆగితే వాళ్లకు చాలు మేడం. నాకు చాలదు."

భూపాల్ ఆమెను మొదటిసారి చూసినట్టు చూశాడు. నేను రెండో దారికే చీటీ రాశాను.

సరైన మందు దొరకడం మాత్రం అంత తేలిగ్గా కాలేదు. ఆ రకంలో రాసిన మొదటి మందుకు వికారం పట్టుకుంది. అత్తగారు నెల తప్పిందనుకుని సంబరపడి, మామిడికాయ తొక్కు కలిపి పెట్టడం మొదలుపెట్టింది. సంగతి తెలిశాక పిచ్చి గోళీలని గోల చేసింది. వికారం తగ్గింది గాని ఒకచోట కుదురుగా కూర్చోలేని తత్తర మిగిలింది. కాళ్లలో చీమలు పాకినట్టుందని చెప్పింది. మోతాదు తగ్గించాను, లాభం లేదు. మందు మార్చాను. రెండోదానికి పగలంతా మత్తు. రాత్రికి మార్చి, చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ వెళ్లాను. మరోవైపు ఆ నిద్రమాత్రను ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా మాన్పించాను.

"గిట్ల మార్చుకుంట పోతే ఎట్ల మేడం? మీకే తెల్వదా ఏంది?" అన్నాడు భూపాల్ ఒకసారి.

"తెల్వదు. చెప్పులు కొన్నా రెండు జతలు తొడిగి చూస్తరు. తలకాయకిచ్చే గోళీకి ఆ మాత్రం ఓపిక వద్దా?" అన్నాను.

ఈలోగా ఆమెకు హోంవర్కు ఇచ్చాను. మందులషాపులో తన మందు తానే పేరు చెప్పి అడగాలి. బస్సు తన స్టేజీలోనే ఆపమనాలి. మిర్యాలగూడ బస్టాండు దగ్గర బండి ముందు నిలబడి ఒక సమోసా తినాలి. ఆ సమోసా తిని వచ్చిన రోజు ఆమె ముఖం చూడాలి.

"సగం కింద పడ్డది. ఒక్కలు గూడ సూడలే మేడం!" అంది, అదేదో అన్యాయం జరిగినట్టు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఇన్నేళ్లుగా అందరూ చూస్తున్నారని భయపడింది, తీరా ఎవరికీ తీరిక లేదు. మందు పని మొదలుపెట్టిందని నాకు అప్పుడు తెలిసింది.

చలికాలంలో ఒకరోజు ఒంటరిగా వచ్చింది. మిర్యాలగూడకు కాదు, సూర్యాపేటకు. అక్కడ నా క్లినిక్ ముందున్న బెంచీ నేరుగా రోడ్డు వైపు ఉంటుంది. దాని మీద ఎవరూ కూర్చోరు, అందరూ లోపలి గదిలో నక్కుతారు. ఆమె దర్జాగా ఆ బెంచీ మీద కూర్చుంది. లోపల కుర్చీ ఉంది రమ్మన్నాను.

"ఈడ్నే ఉంట మేడం. మా ఊరోళ్లు ఇద్దరు సూసి పోయిన్రు. సూడనీ."

ఆ వారమే గ్రామసభ జరిగిందట. కొత్త బోరు తన తమ్ముడి పొలం గట్టున వేయించాలని భూపాల్ అంతా మాట్లాడి పెట్టుకున్నాడు. మంజుల లేచి నిలబడి, బోరు అక్కడ కాదు, నీళ్లు లేని ఎస్సీ కాలనీలో పడాలని చెప్పింది. "గొంతు వణికింది, చెయ్యి వణికింది. అయినా ఆపలే మేడం. మొత్తం చెప్పినంకనే కూసున్న" అంది. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. డాక్టర్లు చప్పట్లు కొట్టకూడదని ఎక్కడా రాసి లేదు కాబట్టి కొట్టాను.

తర్వాతి నెల ఇద్దరూ సూర్యాపేటకే వచ్చారు. భూపాల్ ఈసారి ఫోను టేబుల్ మీద పెట్టలేదు.

"మేడం, ఈ గోళీ పడ్తలేదు."

"ఏమైంది? మళ్లీ వికారమా?"

"కాదు. ఎదురు మాట్లాడుతున్నది. సంతకం పెట్టమంటే ముందుగాల కాయితమంత సదువుతున్నది."

"చెయ్యి ఆగిందా?"

"ఆగింది."

"మీరడిగింది అదే కదా?"

ఆయన గొంతు తగ్గించాడు. "జర డోసు తగ్గియ్యుండ్రి మేడం. చెయ్యి వణకకుంట, నోరు గింత లేవకుంట ఉండేటిది ఏదన్న ఉంటే..."

"అసొంటి గోళీ ఇంకా రాలేదు. వచ్చినా నా చేత్తో రాయను" అన్నాను. కోపం దాచుకునే ప్రయత్నమేమీ చేయలేదు. తర్వాత మంజుల వైపు తిరిగాను. "మందు వేసుకునేది నువ్వు. తగ్గించమంటవా?"

ఆమె ఈసారి నేలను చూడలేదు. బయట బెంచీ దాకా వినపడేట్టు చెప్పింది.

"వద్దు మేడం. ఇంక ఏడాదున్నది నా పదవి. నేను సర్పంచ్‌గిరి షురూ చేసిందే ఇప్పుడు."

ఆ ఏడాదంతా మందు సాగింది. పదవి ముగిశాక ఆమే వచ్చి ఇక చాలనిపిస్తోందంటే నెమ్మదిగా తగ్గించి ఆపేశాను. భయం పూర్తిగా పోలేదని, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడటం వచ్చిందని చెప్పింది.

ఏ మందు సరైనదో మా పుస్తకాలు చాలావరకు చెబుతాయి. ఎవరి మాట ప్రకారం సరైనది అన్నది మాత్రం నాకు మంజుల నేర్పింది. ఇప్పుడు ఎవరైనా వచ్చి మా పిల్ల చాలా మంచిది, అసలు నోరు విప్పదు అని చెబితే, ముందు ఆ చెప్పినవాళ్లను బయట కూర్చోమంటాను. రోడ్డు వైపున్న ఆ బెంచీ మీదే.